పాత్రోచిత భాష సరే, పాత్రోచితమైన గది సంగతేమిటి?

రంగస్థలాన్ని గురించి పాఠకులు పంపే ప్రశ్నలకు ఈ శీర్షికలో నెలనెలా జవాబులు ఇస్తున్నాను. ఈ మారు వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చాయి. వాటిలోనూ నటనను గురించి కాక సెట్టు, దీపాలు, దుస్తులు, వాటిని ఒక చదువుగా నేర్చుకొనే మార్గం గురించి అడిగినవే ఎక్కువ. ముప్పై ఏళ్లుగా నాటకాలకు సెట్లు వేస్తున్నవాడిని కనుక నాకు ఇంతకంటె సంతోషం లేదు. ఈ నెల శీర్షికను పూర్తిగా వారికే ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని కొందరు కోరినందువల్ల అందరికీ ఊరి పేరు మాత్రమే ఉంచాను.

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మూడేళ్లుగా మా కళాశాల నాటికలకు సెట్టు, తెరలు, రంగులు నేనే చూసుకుంటున్నాను. నటించాలని నాకు ఎన్నడూ అనిపించలేదు. రంగస్థల రూపకల్పననే విశ్వవిద్యాలయంలో చదవాలని ఉంది. అటువంటి చదువు మనకు అందుబాటులో ఉన్నదా? అక్కడ ఏమి నేర్పుతారు?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: కోర్సు పేరు చూసి వెతకకండి, అలా వెతికినవారు చాలామంది ఏమీ దొరకలేదని వెనుదిరిగారు. మన విశ్వవిద్యాలయాలలో ఈ చదువు సాధారణంగా రంగస్థల కళల శాఖలలో, నటనతోనూ దర్శకత్వంతోనూ కలగలిసి ఉంటుంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు పేరిట ఉన్న కళల విభాగంలో ఇటువంటి శాఖ ఉంది. అక్కడ రెండేళ్ల ఎం.పి.ఎ. (ప్రదర్శన కళలలో పి.జి. డిగ్రీ) చేయవచ్చు. అది కేంద్రీయ విశ్వవిద్యాలయం కనుక స్థానికులా, స్థానికేతరులా అన్న చిక్కు మీకు ఎదురు కాదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, 1985లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల కళల శాఖలు ఉన్నాయి.

ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాల వీటికంటె వేరైనది. 1959లో సంగీత నాటక అకాడమీ ఆధ్వర్యంలో మొదలై, 1975లో స్వతంత్ర సంస్థ అయిన ఆ పాఠశాలలో మూడేళ్ల డిప్లొమా ఉంది. మొదటి సంవత్సరం అందరూ ఒకే పాఠం చదువుతారు. ఆ తరువాతనే నటన వైపు పోయేవారు, రూపకల్పన వైపు పోయేవారు విడిపోతారు. అక్కడ చేరడానికి డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాలలో పాల్గొన్న అనుభవం అడుగుతూ వచ్చారు. కాబట్టి మీరు ఇంతవరకు పనిచేసిన ప్రతి నాటికకూ కరపత్రం, ఫొటోలు, మీరు చేసిన పని ఇదీ అని నిర్వాహకులు రాసి ఇచ్చిన కాగితం ఇప్పుడే సంపాదించి దాచుకోండి. దరఖాస్తు గడువు ముంగిట పడినప్పుడు పాత కార్యదర్శుల ఇళ్ల చుట్టూ తిరగడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది.

ఇక ఏమి నేర్పుతారన్న ప్రశ్న. మొదట నాటకాన్ని చదవడం నేర్పుతారు. మనం నాటకాన్ని సంభాషణల కోసం చదువుతాము. రూపకల్పన చేసేవారు మాత్రం ఎవరు ఎటునుంచి వస్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు, ఏ వస్తువును చేతితో తాకుతున్నారు, వేళ ఏమిటి, ఆ ఇంట్లో డబ్బు ఎంత ఉంది అని చదువుతారు. ఆ తరువాత వేదికను పైనుంచి చూసినట్లు గీసే నేల పటం, ఎదురుగా చూసినట్లు గీసే పటం, నిలువుగా కోసి చూపించే పటం, వాటిని అనుసరించి అట్టతో చేసే చిన్న నమూనా వస్తాయి. వీటితో పాటు దీపాలు, దుస్తులు, ముఖాలంకరణ, రంగస్థల నిర్వహణ, కొంత నాటక చరిత్ర కూడా ఉంటాయి.

ఇదంతా ఎందుకని అడిగేవారికి నేను నెల్లూరు పేరే చెబుతాను. నాటకకర్త వేదం వేంకటరాయశాస్త్రి గారు 1899లో నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని నాటక సమాజాన్ని స్థాపించారు. రాజు మాట్లాడే భాషలోనే చాకలి కూడా మాట్లాడితే నాటకం ఎలా అవుతుందని ఆయన పాత్రోచిత భాష కోసం పట్టుబట్టారు. పండితులతో వాదించారు, నిందలు కూడా పడ్డారు. ఆ వాదంలో ఆయన నెగ్గారు. కాని సెట్టు విషయంలో మనం ఇంకా ఆయనకు ముందు కాలంలోనే ఉన్నాము. నేటికీ పరిషత్తు నాటికలలో, అంటే నాటక పోటీలకు వేసే నాటికలలో, గుమాస్తా ఇల్లు, వడ్డీ వ్యాపారి ఇల్లు, బడిపంతులు ఇల్లు ఒకే సోఫాతో, ఒకే నీలిరంగు గోడతో, ఒకే క్యాలెండరుతో కనబడతాయి. పాత్రకు తగిన మాట ఎలా ఉంటుందో, పాత్రకు తగిన గది కూడా అలాగే ఉంటుంది. ఆ గదిని వెతికి పట్టుకోవడమే మీరు చదవబోయే చదువు.

నటించాలని అనిపించలేదని రాశారు. నటించకపోయినా ఫరవాలేదు గాని, నటన పాఠాలను తప్పించుకోవాలని మాత్రం చూడకండి. మీరు పెట్టిన మెట్టు మీద పట్టుచీరతో, మోయలేని నగలతో, పద్యం పాడుతూ ఎవరో ఎక్కవలసి ఉంటుంది. ఒక్కసారైనా అలా ఎక్కి చూసినవారు తొమ్మిది అంగుళాల ఎత్తు మెట్టు వేయరు.

ప్రశ్న: మా అబ్బాయికి ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు వచ్చాయి. ఇంజనీరింగులో చేరమంటే నాటకాల సెట్లు వేసే చదువు చదువుతానంటున్నాడు. అది కూడు పెడుతుందా? నిర్మొహమాటంగా చెప్పగలరు.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: నిర్మొహమాటంగానే చెబుతాను. తెలుగు నాటకానికి మాత్రమే సెట్లు వేసి సంసారం ఈదుతున్నవారు నాకు తెలిసినంతలో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా లేరు. పరిషత్తు నాటికకు సమాజం వారు ఇవ్వగలిగినది సామాను ఖర్చుకూ, వచ్చే పోయే బండికీ సరిపోతే అదే గొప్ప. ఈ మాట దాచిపెట్టి మీ అబ్బాయిని ప్రోత్సహించడం నాకు ఇష్టం లేదు.

అయితే ఈ చదువు చదివినవారు ఆకలితో ఉన్నారని కూడా నేను చెప్పలేను. సినిమాలలో, ధారావాహికలలో కళా దర్శకత్వ విభాగాలు వీరిని తీసుకుంటాయి. పూనాలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కళా దర్శకత్వానికి ప్రత్యేకంగా మూడేళ్ల కోర్సు ఉంది; దానికి చిత్రకళ, శిల్పం, వాస్తుశిల్పం వంటి వాటిలో డిగ్రీ ఉండాలి. ప్రదర్శనశాలలు, వస్తు ప్రదర్శనలు, పెద్ద సభల వేదికలు, పాఠశాలలలో నాటక బోధన కూడా ఉన్నాయి. పెళ్లి మండపాల అలంకరణను మనవాళ్లు చిన్నచూపు చూస్తారు గాని, రెండు వందల అడుగుల దూరం నుంచి కూడా వధూవరుల ముఖాలు కనబడేటట్లు దీపాలు పెట్టగలిగినవాడు రంగస్థలం తెలిసినవాడే. ఆ పని చేస్తూ, ఏడాదికి రెండు నాటకాలు తన తృప్తి కోసం వేసుకొనేవారిని నేను ఎరుగుదును.

ఇంటర్మీడియట్ తరువాత నేరుగా చేరదలచుకుంటే, కాలికట్ విశ్వవిద్యాలయం వారు త్రిస్సూరులో నడిపే నాటక, లలితకళల పాఠశాల ఉంది. 1977లో మొదలైన ఆ పాఠశాలలో నాటక కళలో డిగ్రీ చదవవచ్చు, కాని మలయాళం మధ్యన బతకడానికి అబ్బాయి సిద్ధపడాలి. లేదా మన రాష్ట్రంలోనే బి.ఎఫ్.ఎ. (లలితకళల డిగ్రీ) గాని, వాస్తుశిల్పం గాని చదివి, ఆ తరువాత నాటకం వైపు రావచ్చు. నన్ను అడిగితే రెండవ మార్గమే మేలు అంటాను. చేతిలో ఒక విద్య ఉంటుంది, మీకూ కొంత నిబ్బరంగా ఉంటుంది, అబ్బాయి పట్టుదల నిజమైనదో కాదో నాలుగేళ్లలో తేలిపోతుంది. ఇంజనీరింగులో బలవంతంగా కూర్చోబెడితే మాత్రం ఆ నాలుగేళ్లలో ఏదీ తేలదు.

ప్రశ్న: మాది ఉదయగిరి. ఇంట్లో అందరూ కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కుతారు. నాకు ఉలి, రంపం వచ్చు, లెక్కలు వచ్చు, బొమ్మలు గీయడం మాత్రం రాదు. మా బడిలో వేసిన నాటకానికి చెక్కతో రథం చేశాను. బొమ్మలు గీయడం రానివాడు ఈ చదువుకు పనికివస్తాడా? ప్రవేశానికి ఏమి తయారు చేసుకోవాలి?
– ఒక ఇంటర్ విద్యార్థి, ఉదయగిరి

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసినది మీ ఉత్తరమే. ఉదయగిరి గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే ఆ పని మీకు ఇచ్చిన విద్య ఎంత విలువైనదో మీరు గుర్తించినట్లు లేదు. కర్ర ఎటు చీలుతుందో, ఎంత పలచన చేస్తే విరుగుతుందో వేలితో తెలుసుకున్న విద్యార్థి నమూనా తయారీ తరగతిలో మొదటి రోజునుంచే నలుగురికి దారి చూపగలడు. బొమ్మ గీయడం అభ్యాసంతో వచ్చే విద్య; రోజూ అరగంట గీస్తే ఏడాదిలో అవసరమైనంత వస్తుంది. ఇక్కడ కావలసినది అందమైన బొమ్మ కాదు, కొలత తప్పని బొమ్మ.

ఇప్పుడే మొదలుపెట్టగలిగిన పని ఒకటి చెబుతాను. మీ ఊరిలోగాని పక్క ఊరిలోగాని వేదిక ఉన్న కల్యాణమండపానికి టేపు, ఒక స్నేహితుడు, రూళ్లు లేని పుస్తకం తీసుకొని వెళ్లండి. వేదిక ముందు భాగం వెడల్పు, లోతు, నేలనుంచి వేదిక ఎత్తు, వేదికమీద నుంచి పైకప్పు ఎత్తు, పక్కల ఉన్న ఖాళీ, తలుపులు ఎక్కడ, ఎంత వెడల్పు, కరెంటు ప్లగ్గులు ఎక్కడ అన్నీ రాసుకోండి. సామాను లోపలికి వచ్చే తలుపు వెడల్పు మరిచిపోవద్దు. ఎంత గొప్ప సెట్టయినా ఆ తలుపులోంచి దూరితేనే సెట్టు. ఇంటికి వచ్చి దాన్ని అడుగుకు అర అంగుళం చొప్పున గీయండి. అంటే నిజమైన కొలతలో ఇరవై నాలుగవ వంతు. ముప్పై అడుగుల వేదిక కాగితం మీద పదిహేను అంగుళాలు అవుతుంది. అయిదున్నర అడుగుల మనిషి రెండుముప్పావు అంగుళాలు అవుతాడు. ఆ మనిషిని అట్టతో కత్తిరించి నమూనాలో నిలబెట్టండి. ఆ మనిషి లేని నమూనా పెళ్లికొడుకు లేని పెళ్లి పందిరి వంటిది. ఎంత చూసినా దేని పరిమాణమూ తెలియదు. విశ్వవిద్యాలయాలలో మెట్రిక్ కొలతలలో ఒకటికి ఇరవై అయిదు చొప్పున గీయమంటారు. రెండింటికీ తేడా చాలా తక్కువ కనుక కంగారు పడనక్కరలేదు.

తరువాత చేయవలసినది కూర్చోవడం. వేదిక మీద కాదు, కుర్చీలలో. ముందు వరుసలో కుడి చివర, ఎడమ చివర, ఆఖరి వరుసలో మధ్య, మేడ ఉంటే మేడ మీద చివరి వరుస. ఆ చోట్లనుంచి వేదికలో ఏ భాగం కనబడుతుందో నేల పటం మీద గీతలు గీయండి. ఈ గీతల సంగతి నాకు ఒక పెద్దాయన నేర్పారు. నేను కుర్రవాడిగా ఉన్న రోజులలో ప్రకాశం జిల్లాలోని ఒక ఊరిలో వేసిన నాటికకు నిజమైన బీరువాను వేదికకు ఎడమ పక్కన పెట్టి, ఎంత సహజంగా ఉందోనని నాలో నేనే మురిసిపోయాను. చివరి దృశ్యంలో కథానాయిక ఆ బీరువా పక్కనే కుప్పకూలింది. నాటిక ముగిసిన తరువాత ఎడమ చివర కూర్చున్న పెద్దాయన ఒకరు నన్ను పిలిచి, "నాయనా, చివరలో ఎవరో ఏడ్చారు, ఎవరికేమయింది?" అని అడిగారు. హాలులో మూడవ వంతు మందికి ఆమె చావు కనబడలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

ప్రవేశ సమయంలో చూపించే పనుల సంచికలో (పోర్ట్‌ఫోలియోలో) అందమైన బొమ్మలకంటె ఒక పని మొదటినుంచి చివరిదాకా నడిచిన తీరు ఉంటే పరీక్షకులు ఎక్కువగా ఇష్టపడతారు. మీ రథాన్నే తీసుకోండి. మొదట గీసిన పిచ్చిగీతలు, కొలతలు, చేస్తుండగా తీసిన ఫొటోలు, వేదిక మీద దాని ఫొటో, దానిలో తప్పిన భాగం, ఇప్పుడు చేస్తే ఎలా చేస్తారన్న నాలుగు మాటలు ఉంచండి. తప్పును దాచకండి. చక్రం సరిగా తిరగలేదని రాసి, ఎందుకు తిరగలేదో చెప్పగలిగినవాడిని ఏ ఆచార్యుడూ వదులుకోడు.

ప్రశ్న: నలభై ఏళ్లుగా పద్యనాటకాలు ఆడుతున్నాను. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, శ్మశానం తెర, ఈ నాలుగింటితో హరిశ్చంద్రా ఆడాము, రాయబారమూ ఆడాము. జనం తెల్లవార్లూ కూర్చున్నారు. ఇప్పుడు సెట్టుకు కూడా విశ్వవిద్యాలయంలో పాఠాలంటే నాకు నవ్వు వస్తున్నది. మన పెద్దలకు లేని ఆలోచన వీరికి ఎక్కడినుంచి వచ్చింది?
– ఒక రంగస్థల నటుడు, నెల్లూరు

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలోని కోపం నాకు నచ్చింది. నాలుగు తెరల గొప్పతనాన్ని నేను కాదనను. ఒక్క తాడు లాగితే అయోధ్య కాశి అవుతుంది. నాటకం ముగియగానే చుట్టి భుజాన వేసుకుంటే బస్సు టాపు మీదికి ఎక్కుతుంది. అంత తక్కువ బరువుతో అంత దూరం తీసుకుపోయే సాధనం ఇప్పటి చదువరులు కూడా కనిపెట్టలేదు. జనం తెల్లవార్లూ కూర్చున్నారన్నది నిజం. అయితే వారు కూర్చున్నది తెర కోసమా, మీ కాటి సీను పద్యాల కోసమా అన్నది మీరే చెప్పాలి.

పెద్దలకు ఆలోచన లేదన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. భరతుని నాట్యశాస్త్రంలో రెండవ అధ్యాయం మొత్తం నాటకశాల నిర్మాణమే. దీర్ఘ చతురస్రం, సమ చతురస్రం, త్రికోణం అని మూడు ఆకారాలు, పెద్దది, మధ్యది, చిన్నది అని మూడు పరిమాణాలు చెప్పి, మనుషులకు మధ్యదే తగినదని నిర్ణయించారు. అది 64 హస్తాల పొడవు, 32 హస్తాల వెడల్పు. హస్తాన్ని అడుగున్నరగా లెక్కవేస్తే 96 అడుగులు, 48 అడుగులు అవుతుంది. అందులో సగం ప్రేక్షకులకు. అంటే ఆఖరివాడు కూడా వేదికకు 48 అడుగులలోపే ఉంటాడు. అంతకంటె పెద్దదైతే మాట స్పష్టంగా వినబడదు, ముఖంలోని భావం కనబడదు అని కారణం కూడా చెప్పారు. ఇప్పుడు మన ఊళ్లలో కడుతున్న కళామందిరాలలో ఎన్ని ఈ లెక్కకు నిలబడతాయో ఆలోచించండి.

అంతటితో ఆగలేదు. ఆహార్యాన్ని, అంటే వేషాన్నీ వేదిక సామగ్రినీ, పుస్తం, అలంకారం (దుస్తులు, నగలు), అంగరచన (ఒంటికి వేసే రంగులు), సంజీవం (వేదిక మీదికి వచ్చే జంతువులు) అని నాలుగుగా విడదీశారు. కొండలు, విమానాలు, కవచాలు వంటివి తయారు చేయడం పుస్తం. అందులో మళ్లీ వెదురు, చాప, తోలు, బట్ట వంటి వాటిని జోడించి కట్టినది సంధిమం. యంత్రంతో నడిచేది వ్యాజిమం. బట్ట చుట్టి చేసినది వేష్టిమం. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో కీచక వధతో మొదలైన సురభి నాటక సమాజంవారు తీగెల మీద మనుషులను ఎగరవేసినప్పుడు చేసినది వ్యాజిమమే. దానికి వారు పరీక్ష రాయలేదు. తాతనుంచి మనవడికి చేతి మీదుగా వచ్చింది. విశ్వవిద్యాలయం చేసేది ఇదే పని, తాత లేని మనవడికి. మీ నాలుగు తెరలు రాసిన చిత్రకారుల ఇళ్లలో ఇప్పుడు ఆ పని చేసేవారు ఎందరున్నారో నాకంటె మీకే బాగా తెలుసు.

ఇక తెరతో ఉన్న చిక్కు. తెర మీద రాసిన స్తంభాలు వెనక్కు పోయేకొద్దీ చిన్నవవుతాయి, నటుడు మాత్రం చిన్నవాడు కాడు. కృష్ణుడు రెండడుగులు వెనక్కు వేసి ఆఖరి స్తంభం పక్కన నిలబడితే స్తంభం ఆయన మోకాలి దగ్గర ఉంటుంది. స్విట్జర్లాండుకు చెందిన రంగస్థల రూపశిల్పి అడాల్ఫ్ అపియా (1862–1928) వంద సంవత్సరాల కిందట మొరపెట్టుకున్నది దీనిని గురించే. బల్లపరుపు బొమ్మ ముందు నిండు శరీరం ఉన్న నటుడు అతకడని, మెట్లు, వేదికలు, వాటిమీద పడే వెలుగు నీడలు కావాలని ఆయన వాదించారు. దీనికి తోడు మరొక సంగతి కూడా ఉంది. మీ తెరలు రాసిన నాటి వెలుగు వేరు. పెట్రోమాక్సు కాంతిలో నిండుగా కనిపించిన దర్బారు, ఇప్పటి ఎల్‌ఈడీ దీపాల కింద ప్రతి మడతనూ ప్రతి అతుకునూ బయటపెడుతుంది. తప్పు తెరది కాదు, దీపం మారినప్పుడు తెరను మార్చని మనది.

మీకు కోపం రాకపోతే ఇంకొక మాట. సాంఘిక నాటికలవారు మీ తెరలను ఎగతాళి చేస్తారు గాని, వారు మీకంటె ముందుకు పోలేదు. 1998లో నంది నాటకోత్సవాలు మొదలై ఉత్తమ రంగాలంకరణకు బహుమతి పెట్టడం మంచిదే అయింది. కాని నా కంటికి ఆ బహుమతి చాలామందిని వేదిక నిండా సామాను పేర్చే పోటీలోకి దించింది. ఫ్రిజ్జు, అక్వేరియం, పూలకుండీలు, గోడ గడియారం వచ్చాయి. నటుడు నిలబడడానికి చోటు పోయింది. మీ శ్మశానం తెర ముందు ఒక్క కాటి కర్రతో నిలబడిన హరిశ్చంద్రుడి చుట్టూ ఉన్న ఖాళీకి ఒక అర్థం ఉంది. ఈ చదువులో చేరే పిల్లలు మీ దగ్గరకు వచ్చి ఆ ఖాళీని నేర్చుకోవాలని నా కోరిక. వస్తే నవ్వకుండా చెప్పండి.

ప్రశ్న: పరిషత్తులలో లైటింగు చేస్తుంటాను. చదువు పదవ తరగతి. బడి హాళ్లలో నాలుగు పెద్ద దీపాలు పెట్టగానే ఫ్యూజు పోతుంది. రూపకల్పన చదువులో దీపాల పాఠం అంటే ఇటువంటివి చెబుతారా, లేక రంగుల గురించేనా?
– ఒక లైటింగు కళాకారుడు, ఒంగోలు

జవాబు: రెండూ చెబుతారు, కాని మొదట చెప్పేది ఫ్యూజు గురించే. వేదికలకు వాడే వెయ్యి వాట్ల పార్ దీపం 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. మూడు దీపాలకు 13 ఆంపియర్లు. పదిహేను ఆంపియర్ల ప్లగ్గు భరిస్తుంది. నాలుగవది పెట్టగానే 17 దాటుతుంది, ఫ్యూజు పోవడం న్యాయమే. పోయిన ఫ్యూజుకు లావు తీగె చుట్టే అలవాటు మనలో ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. గోడలోని వైరు కాలితే తెరలకు అంటుకోవడానికి ఎక్కువ సేపు పట్టదు. నాలుగవ దీపానికి వేరే గదిలోని వేరే లైను వెతకండి, లేదా ఎల్‌ఈడీకి మారండి. వాటిలో చాలావరకు రెండు వందల వాట్ల లోపే ఉంటాయి.

రంగుల విషయంలో ఒక ప్రయోగం చేసి చూడండి. ఎర్రటి బట్టను ఆకుపచ్చ దీపం కింద పెట్టండి, నల్లగా కనబడుతుంది. పెళ్లికూతురి ఎర్రచీర అడవి దృశ్యంలో ఎందుకు మసిబారినట్లుందో అప్పుడు తెలుస్తుంది. పలచని వెంకటగిరి నూలుచీరకు వెనుకనుంచి వెలుగు ఇస్తే అంచు మెరుస్తుంది గాని, ఒంటి ఆకారం కూడా బయటపడుతుంది. నటి ఇబ్బంది పడకముందే ఈ సంగతి దుస్తులు చూసేవారితో మాట్లాడుకోవడం మంచిది.

మీది పదవ తరగతి చదువని చిన్నబుచ్చుకోకండి. దీపంతో కథ చెప్పడానికి పట్టా కంటె చూసే కన్ను ముఖ్యం. 1959లో కలకత్తాలో ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకంలో బొగ్గుగనిలోకి నీరు ముంచుకువచ్చే దృశ్యాన్ని లైటింగు కళాకారుడు తాపస్ సేన్ వేదిక మీద ఒక్క నీటిచుక్క లేకుండా దీపాలతోనే చూపించారు. మన జిల్లాలలో తోలుబొమ్మలు ఆడించేవారు కూడా చేసేది అదే. బొమ్మను తెరకు దగ్గరగానో దూరంగానో జరిపి నీడను తగ్గిస్తారు, పెంచుతారు. వీలైతే ఒక రాత్రి ప్రేక్షకులవైపు కాక తెర వెనుక కూర్చొని వారి ఆట చూడండి.

ప్రశ్న: ఈ చదువు కోసం విదేశాలకు వెళ్లడం మంచిదేనా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఇక్కడ నాలుగైదేళ్లు పని చేసిన తరువాత అయితే మంచిదే. ఇంగ్లండులో రంగస్థల రూపకల్పనకే ప్రత్యేకంగా డిగ్రీలు ఉన్నాయి, కాని రుసుము మన మధ్యతరగతికి అందేది కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు నాటక పాఠశాల 2021లో ఒక పెద్ద విరాళం వల్ల బోధన రుసుమును అందరికీ ఎత్తివేసింది. ప్రవేశం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు, అయినా దరఖాస్తు చేయడానికి ఇది ఒక కారణం. అప్పు చేసి మాత్రం వెళ్లవద్దు. ఆ అప్పు తీర్చడానికి మొదట మానుకోవలసి వచ్చేది నాటకమే.

ప్రశ్న: పైన రాసిన కావలి విద్యార్థినినే. మరచిపోయి మళ్లీ రాస్తున్నాను. ఢిల్లీకి ఇంటర్వ్యూకు అట్ట నమూనా తీసుకుపోవలసి వస్తే రైలులో నలగకుండా ఎలా?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: అతికించి తీసుకుపోకండి. గోడలు, మెట్లు, సామాను విడివిడిగా ఊడివచ్చేటట్లు చేసి, ప్రతి ముక్క వెనుక పెన్సిలుతో అంకె వేసి, నేల పటం మీద కూడా అవే అంకెలు వేయండి. మామిడిపండ్ల అట్టపెట్టె అడుగున పాత నూలుచీర పరిచి, బల్లపరుపు ముక్కలు కిందా, చిన్నవి అగ్గిపెట్టెలలో పైనా సర్దండి. అట్ట మనుషులను వేరే డబ్బాలో పెట్టండి, మొదట పోయేది వారే. ఒక జిగురు సీసా, బ్లేడు, నాలుగు తెల్ల అట్టముక్కలు చేతి సంచిలో ఉండాలి. పెట్టెను పై బెర్తు మీద తల దగ్గర పెట్టుకోండి గాని సీటు కిందికి తోయకండి. తెల్లవారేసరికి ఎవరో ఒకరు దాని మీద కాలు పెడతారు. బయలుదేరే ముందు నమూనాను పూర్తిగా అమర్చి, ప్రేక్షకుడి కంటి ఎత్తునుంచి ఫొటోలు తీసుకోండి. చాలామంది పైనుంచి తీస్తారు, నాటకాన్ని పైకప్పులోంచి చూసేవాడు ఎవడూ ఉండడు.